మస్కట్‌లో పదిహేడు గంటలు, నాలుగు సుద్దముక్కలు

నవంబర్ 1, శనివారం. ఈ రోజు మొదటి ఆశ్చర్యం పొద్దున ఆరింటికే వచ్చింది. చిన్నమ్మ ఫోన్‌కు విమానం వాళ్ల మెసేజ్. హైదరాబాద్ నుంచి మస్కట్ వెళ్లే విమానం సాయంత్రం ఆరూ నలభైకే ఉంది గాని, అక్కడి నుంచి లండన్ వెళ్లాల్సింది ఈ రాత్రికి కాకుండా రేపు మధ్యాహ్నం రెండింటికి మారింది. అంటే మస్కట్‌లో దాదాపు పదిహేడు గంటలు ఆగాలి. చిన్నమ్మ ఆ మెసేజ్ రెండుసార్లు చదివి, ఫోన్ బోర్లా పెట్టి, "వచ్చేటప్పుడు తొమ్మిది గంటలు కుర్సీల కూసున్న, ఇగ పోయేటప్పుడు రాత్రంత కూసోవాలె" అంది. అప్పటికి నాకు కూడా అంతకు మించి ఏమీ తోచలేదు.

ఇది విహారయాత్ర కాదు. బాన్సువాడ నుంచి శంషాబాద్ విమానాశ్రయం దాకా మా చిన్నమ్మను సాగనంపి వచ్చిన ఒక్క రోజు ప్రయాణం. అయినా బ్లాగులో రాస్తున్నాను. పుట్టింది ఒక దేశంలో, పాస్‌పోర్ట్ ఇంకో దేశానిది అయినవాళ్లు దారిలో మూడో దేశంలో కొన్ని గంటలు ఆగాల్సి వస్తే నేను చేసిన తప్పు చేయకూడదు. ఆ తప్పు వల్ల మా ఇంట్లో జరిగింది ఇంకెవరింట్లోనూ జరగకూడదు.

కరుణ చిన్నమ్మ మా అమ్మకు సొంత చెల్లెలు. బాన్సువాడ సర్కారు దవాఖానలో పుట్టింది. నర్సుగా లండన్ దగ్గర పదకొండేళ్ల నుంచి పనిచేస్తోంది. పోయిన ఏడాది ఆమెకు బ్రిటన్ పౌరసత్వం వచ్చింది. ఆ పాస్‌పోర్ట్ మీద ఇదే మొదటి ప్రయాణం. అమ్మకు కిడ్నీలు బాగా దెబ్బతిన్నాయని తెలిసి, మస్కట్ మీదుగా టికెట్ కొనుక్కొని వచ్చింది. వచ్చిన మూడో రోజు అమ్మ పోయింది. నేటికి మూడు వారాలు.

మస్కట్ మా ఇంటికి కొత్త ఊరు కాదు. బాపు అక్కడ లాండ్రీ వ్యాను నడిపేవాడు. అమ్మ ఒక దుకాణంలో బట్టలు కుట్టేది. నేను అక్కడే పుట్టాను. నాకు రెండేళ్లప్పుడు తమ్ముడు పుట్టాడు. పేరు దానియేలు. తొమ్మిది రోజులు బతికాడు. వాణ్ని అక్కడే పాతిపెట్టారు. మరుసటి ఏడాది బాపు పని పోయింది, ముగ్గురం బాన్సువాడ వచ్చేశాం. మళ్లీ అటు ఎవరూ వెళ్లలేదు.

రేపు నవంబర్ రెండు, మా క్రైస్తవ కుటుంబాల్లో సమాధుల పండుగ. పొద్దున్నే వెళ్లి మనవాళ్ల సమాధులకు సున్నం వేసి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి కాసేపు పక్కన కూర్చుంటారు. అమ్మ ప్రతి ఏడూ తాత సమాధికి, అవ్వ సమాధికి సున్నం వేసి, బకెట్ అడుగున కొంచెం మిగుల్చుకొని ఇంటికి తెచ్చేది. దాన్ని మా ఇంటి మొదటి మెట్టుకు పూసేది. ఎందుకమ్మా అని చిన్నప్పుడు అడిగితే, "వానిది వానికి" అనేది. అది మస్కట్‌లో ఉన్న తమ్ముడి సమాధికి అందని సున్నమని అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఆగస్టులో అమ్మ పట్టుబట్టి నాకు పాస్‌పోర్ట్ తీయించింది. "నా బిడ్డ అక్కడ పుట్టింది, దాన్ని ఎవడాపుతడు? అది పోయి తమ్మున్ని చూసొస్తది" అని దవాఖానలో పక్క మంచాల వాళ్లందరికీ చెప్పింది. నేనూ నమ్మాను. చిన్నమ్మ సెప్టెంబర్‌లో ఫోన్ చేసి, "మస్కట్‌ల తొమ్మిది గంటలు ఆగుతున్న, బయటికి పోయి బాబు సమాధి చూసి రావచ్చునా, నువ్వు చదువుకున్నదానివి, చూసి చెప్పు" అని అడిగితే, ఒక రాత్రి కూర్చొని చదివి చెప్పాను. "నువ్వు బాన్సువాడల పుట్టినవు గద చిన్నమ్మా, నిన్ను పోనియ్యరు. నేనైతే పోవచ్చు."

పది గంటలకు సాయిలన్న కారు ఇంటి ముందుకు వచ్చింది. బాన్సువాడ నుంచి హైదరాబాద్‌కు ఆర్టీసీ బస్సులున్నాయి, నాలుగున్నర గంటల దాకా పడుతుంది, అక్కడి నుంచి విమానాశ్రయానికి ఇంకో బస్సు. పెద్ద పెట్టెలు రెండు ఉండడంతో మేం కారు మాట్లాడుకున్నాం. పోను రాను కిరాయి నాలుగు వేల ఎనిమిది వందలు, టోల్ మాది. సాయిలన్న పెట్టె ఎత్తుతూ మూలిగాడు.

"ఏందక్కా, ఊరు మొత్తం తీస్కపోతున్నవా?"

"మామిడికాయ తొక్కు సాయిలన్నా. మా దవాఖానల తెల్లోళ్లు గూడ అన్నంల కలుపుకుంటుండ్రు."

"అయితే పైలం. తొక్కు కారి పెట్టె ఎర్రగైతే, లోపల ఏందో ఉందని పోలీసోళ్లు పట్టుకుంటరు."

బాపు రాలేదు. అరుగు మీద కూర్చొని చేయి ఊపాడు. అమ్మ పోయినప్పటి నుంచి ఆయన ఊరు దాటడం లేదు.

పిట్లం దాకా ఇరుకు రోడ్డు, రెండు వైపులా కోతకు వచ్చిన వరి. కొన్నిచోట్ల వడ్లు రోడ్డు మీదే ఆరబోశారు, అందుకని నలభై నిమిషాలు పట్టింది. పిట్లం దగ్గర నాందేడ్ నుంచి వచ్చే పెద్ద రోడ్డు ఎక్కాక కారు వేగం పెరిగింది. అప్పుడు సాయిలన్న మాట కలిపాడు.

"పదిహేడు గంటలంటే మస్తు టైమక్కా. బయటికి పోయి తిరిగి రారాదు? సముద్రం మంచిగుంటది."

"నన్నెవరు పోనిస్తరు? పాస్‌పోర్ట్‌ల బాన్సువాడ అని రాసుంటది గద. మా స్నేహ అన్నీ చదివి చెప్పింది."

సాయిలన్న నవ్వాడు. "బాన్సువాడ అని రాసుంటే ఏందక్కా? వాడు ఊరు చూస్తడా? నేను ఎనిమిదేండ్లు గల్ఫ్‌ల కారు నడిపిన. మా సేటు కేరళల పుట్టిండు, పాస్‌పోర్ట్ కెనడాది. ముద్ర ఏయించుకొని సీదా బయటికొచ్చేది. కేరళల పుట్టిన పనోళ్లు వీసా కాగితాలు పట్టుకొని లైన్ల నిలబడేది. పుట్టుడు ఎవ్వడడగడు. పాస్‌పోర్ట్ ఏ దేశందని అడుగుతడు."

 చిన్నమ్మ వినీ విననట్టు కిటికీలోంచి చూస్తోంది. నేను ఫోన్ తీసి, సెప్టెంబర్‌లో చదివిన ఆ దేశం ప్రభుత్వ పేజీనే మళ్లీ తెరిచాను. సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. పేజీ సగం తెరుచుకొని ఆగింది, మళ్లీ కదిలింది. వీసా లేకుండా కొద్ది రోజులు ఉండగలిగే దేశాల పట్టిక. పైన స్పష్టంగా ఉంది, ఈ దేశాల పౌరులకు అని. పట్టికలో బ్రిటన్ ఉంది. మన దేశం వాళ్లకు వేరే షరతులున్నాయి, ఆ షరతుల్లో ఒక్కటీ నాకు వర్తించదు. పుట్టిన స్థలం గురించి ఆ పేజీలో ఒక్క మాట లేదు.

మరి నేను అప్పుడు ఏం చదివాను? అదే పేజీ కింద వీసా దరఖాస్తు ఫారం ఉంది. అందులో 'పుట్టిన స్థలం' అనే గడి ఉంది. ఆ గడి కనబడగానే నా బుద్ధి అక్కడే ఆగిపోయింది. ఎందుకంటే నేను పుట్టిన దగ్గర్నుంచి నన్ను అందరూ అడిగింది ఆ గడే. కాలేజీ సీటుకు స్థానికత కాగితం కావాలని ఒక ఆఫీసుకు పోతే, "మస్కట్‌ల పుట్టినదానివి, ఇక్కడిదానివి ఎట్లైతవు?" అని మూడు వారాలు తిప్పారు. స్కూలు రికార్డులన్నీ పట్టుకొని పోతేగాని నేను ఇక్కడిదాన్నని ఒప్పుకోలేదు. లోకమంతా అదే లెక్క అనుకున్నాను. ఎక్కడ పుట్టావో అదే నువ్వు అనుకున్నాను.

ఈ మధ్య నాకు మాటల పిచ్చి పట్టుకుంది. మంచి మాట కనబడితే నోటుబుక్కులో రాసుకుంటాను, ఎట్లా పుట్టిందో వెతుకుతాను. ఇన్ని మాటలు పోగేసుకున్నదాన్ని, 'పౌరులకు' అన్న ఒక్క మాట మీద కళ్లు ఆనించకుండా దాటిపోయాను. తమ్ముడి సమాధి చూసి రావాలన్న అమ్మ చివరి కోరిక ఆ ఒక్క మాట మీదే ఆధారపడి ఉంది.

జోగిపేట రాకముందు, పన్నెండు దాటాక, రోడ్డు పక్క రేకుల కొట్టం దగ్గర ఆగాం. ఒక పెద్దావిడ కట్టెల పొయ్యి మీద జొన్న రొట్టెలు చేస్తోంది. రొట్టె ఇరవై, పప్పు, పచ్చిపులుసు దానితోనే. సాయిలన్న టైర్లు చూసుకోవడానికి వెళ్లాడు. చిన్నమ్మ ఒక ముక్క తుంచింది. ఇక ఆగలేకపోయాను.

"చిన్నమ్మా, నేను తప్పు చెప్పిన. సాయిలన్న చెప్పిందే నిజం. నువ్వు బయటికి పోవచ్చు. వచ్చినప్పుడు గూడ పోవచ్చుండె."

ఆమె చేతిలో ముక్క అట్లాగే ఉంది. "వచ్చినప్పుడు గూడనా?"

"ఊఁ."

"అక్క బతికున్నప్పుడు."

నేను తల ఊపాను. కళ్లెత్తి చూడలేకపోయాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, శబ్దం రాకుండా ఏడ్చింది. రొట్టెలావిడ పెనం మీద నుంచి కళ్లు తీయకుండానే అంది:

"ఏడ్సుడు ఎప్పటికైనా ఉంటది బిడ్డా. రొట్టె సల్లారితే చెప్పు లెక్కైతది. తిను ముందుగాల."

చిన్నమ్మ ఏడుస్తూనే నవ్వింది. ముక్క నోట్లో పెట్టుకుంది. నమిలి మింగాక నాతో అంది, "నిన్నేమనాలె? నా పాస్‌పోర్ట్ సంగతి నేను తెలుసుకోవాలె. డిగ్రీ చదివే పిల్లను అడిగి ఊకున్న." తర్వాత గొంతు తగ్గించింది. "నీకొకటి చెప్పలే. నేనొచ్చిన రోజు, నువ్వు మందులకు పోయినప్పుడు, అక్క అడిగింది. మస్కట్‌ల దిగినవు గద, నా కొడుకును చూసినవా అని."

"నువ్వేమన్నవ్?"

"చూసిన అన్న." ఆమె పళ్లెం వైపే చూస్తోంది. "సున్నమేసిండ్రా అన్నది. ఏసిండ్రక్కా, తెల్లగ మెరుస్తుంది అన్న. ఎవరేసిండ్రు అన్నది. ఎవరో పుణ్యాత్ములు అన్న. అక్క నా చెయ్యి పట్టుకొని, వాళ్ల పిల్లలు సల్లగుండాలె అన్నది. మల్ల అడగలే."

ఆ రోజు నేను మందులు తీసుకొని వచ్చేసరికి అమ్మ నిద్రపోతోంది. ముఖం తేటగా ఉంది. చెల్లెలు వచ్చిందన్న సంతోషమనుకున్నాను.

"అబద్ధమాడి పంపిన స్నేహా నా అక్కను" అంది చిన్నమ్మ. "పదిహేడు గంటలున్నయి గద. ఆ అబద్ధాన్ని నిజం చేసి పోత. సమాధి ఎక్కడుంటదో ఎవరికెరుక?"

ఎరుకున్నది ఒక్కరికే. తమ్ముడి గురించి బాపు మా ముందు ఎన్నడూ మాట్లాడలేదు. ఫోన్ చేయడానికి భయమేసింది. చేశాను. చిన్నమ్మ బయటికి వెళ్లగలదని, పొద్దున్నే వెళ్తుందని చెప్పాను. ఒక్క క్షణం కూడా వెతుక్కోకుండా బాపు చెప్పాడు.

"ఊరి శ్మశానం అంటే అక్కడికి తీస్కపోరు. క్రైస్తవుల శ్మశానం అని టాక్సీవానికి చెప్పాలె, కొండ కిందుంటది. గేటు దాటంగనే ఎడమ దిక్కు తిరుగాలె. గోడ పొంటి చిన్నపిల్లల వరుస. ఆరోది. రాయి లేదు, సిమెంటు పలక. నేనే పోసిన. తడి మీద పుల్లతోని పేరు రాసిన. తెలుగుల రాసిన, కరుణకు తెలుస్తది."

నేను అన్నీ చేతి మీద రాసుకుంటున్నాను.  తర్వాత బాపు అన్నాడు, "మీ అమ్మకు చెప్పినవా?"

 అడిగాక, అమ్మ లేదన్నది ఆయనకే గుర్తొచ్చింది. ఫోన్ పెట్టేశాడు.

మళ్లీ బయలుదేరాక సంగతి సాయిలన్నకు చెప్పాం. చిన్నమ్మ, దారిలో సున్నం పొట్లం కొని పెట్టెలో వేసుకుంటానంది. సాయిలన్న కారు నెమ్మది చేశాడు. "అక్కా, దండం పెడ్తా. తెల్ల పొడి పొట్లం పట్టుకొని విమానం ఎక్కుతవా? నిన్నే గాదు, దించొచ్చినందుకు నన్ను గూడ లోపలేస్తరు." అక్కడ కొనుక్కొమ్మంటే, పొద్దున ఆరింటికి దుకాణాలు తెరిచి ఉండవు. అప్పుడు నాకు నా సంచి గుర్తొచ్చింది. సాయంత్రాలు మా గల్లీ పిల్లలకు ట్యూషన్ చెబుతాను. సంచి అడుగున సుద్దముక్కల డబ్బా ఎప్పుడూ ఉంటుంది. సున్నం బదులు పలక మీద రుద్దడానికి నాలుగు తెల్లవి ఏరి కాగితంలో చుట్టి ఇచ్చాను. తొమ్మిది రోజుల పిల్లవాడి పలక ఎంతుంటుంది? నాలుగు సరిపోతాయి.

సంగారెడ్డి దాటి, అవుటర్ రింగ్ రోడ్డు పట్టుకొని రెండున్నరకు విమానాశ్రయం చేరాం. లోపలికి నన్ను రానివ్వరు కాబట్టి, విమాన సంస్థ టికెట్ కిటికీ బయటే ఉంటే ముందు అక్కడ అడిగాం. కిటికీలో ఉన్న అమ్మాయి చిన్నమ్మ పాస్‌పోర్ట్ తీసుకొని, అట్ట చూసి, ఫోటో ఉన్న పేజీ తిప్పి, కంప్యూటర్‌లో కొట్టి చూసింది.

"వీసా అవసరం లేదు మేడమ్. లండన్ టికెట్ చేతిలో ఉంచుకోండి. పెట్టెలు నేరుగా లండన్‌కు వెళ్తాయి. అక్కడి ఇమిగ్రేషన్ వాళ్లదే చివరి మాట."

నేను నా పాస్‌పోర్ట్ కూడా కిటికీలో పెట్టాను. ఎందుకు పెట్టానో తెలియదు. "నేను మస్కట్‌లోనే పుట్టాను. నేను దిగితే?"

ఆమె రెంటినీ పక్కపక్కన పెట్టింది. రెండూ నీలి రంగువే. ఒకదాంట్లో పుట్టిన ఊరు బాన్సువాడ, ఇంకోదాంట్లో మస్కట్. "చూసేది పౌరసత్వం అమ్మా. మీరైతే ముందే వీసా తీసుకోవాలి" అని మెల్లగా చెప్పింది. ఇక్కడ కాగితానికి పోతే అక్కడిదానివన్నారు, అక్కడికి పోతానంటే ఇక్కడిదానివన్నారు. ఆమె తప్పేమీ లేదు. అమ్మ దవాఖానలో పక్క మంచాల వాళ్లకు చెప్పిన మాటే చెవుల్లో తిరిగింది.

గేటు దగ్గర చిన్నమ్మ నన్ను గట్టిగా పట్టుకుంది. సుద్దముక్కలు చేతిసంచి పై అరలో పెట్టుకున్నానని రెండుసార్లు చూపించింది. తిరుగు ప్రయాణంలో సాయిలన్న పాటలు పెట్టలేదు. ఏడున్నరకు ఇంటికి చేరాను.

ఇప్పుడు ఇది రాస్తుంటే నా చేతి మీద ఇంకా బాపు చెప్పిన గుర్తులున్నాయి: ఎడమ దిక్కు, గోడ పొంటి, ఆరోది. నేను చదవక తప్పు చేయలేదు, చదివే తప్పు చేశాను. నాకు ముందే తెలుసనుకున్నదాన్ని ఆ పేజీలో వెతికి, దొరికిందని సంబరపడ్డాను. సరిగ్గా చదివి ఉంటే అమ్మ ఒక ఫోటో చూసి పోయేది. చెల్లెలి అబద్ధాన్ని నమ్మి నిమ్మళంగా పోయిందని చిన్నమ్మ నన్ను ఓదారుస్తోంది. ఆ ఓదార్పు నాకు చాలదు. కానీ అమ్మకు ఎవరో పుణ్యాత్ములు కావలసి వచ్చారు, రేపు ఆ పుణ్యాత్ములు మేమే కావాలి. అంతకన్నా ఏం చేయగలనో నాకు తెలియడం లేదు.

మీలో ఎవరైనా ఇట్లాంటి ప్రయాణం పెట్టుకుంటే ఒక్క మాట గుర్తుంచుకోండి. దారిలో ఆగే దేశంలోకి వీసా లేకుండా వెళ్లొచ్చా అనేది మీ చేతిలో ఉన్న పాస్‌పోర్ట్ ఏ దేశానిదో దాన్నిబట్టి చూడండి, అందులో రాసిన పుట్టిన ఊరినిబట్టి కాదు. వేరే దేశం పౌరులైన మనవాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు చిన్నమ్మ దగ్గరుంది, అది కూడా మన దేశంలోకి రావడానికే పనికొస్తుంది, మధ్య దేశాలకు కాదు. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి, టికెట్ కొనకముందే ఆ దేశం ప్రభుత్వ పేజీ చూసి, విమాన సంస్థను కూడా అడిగి, రెండు జవాబులూ ఒకటేనా అని సరిచూసుకోండి.

బాపు బకెట్‌లో సున్నం నానబెట్టి ఉంచాడు. అమ్మ సమాధి ఇంకా పచ్చి మట్టే, సిమెంటు పోయలేదు. చుట్టూ పెట్టిన రాళ్లకే సున్నం వేయాలి. మస్కట్‌లో ఆరున్నర అయితే మనకు ఎనిమిది. రేపు పొద్దున ఎనిమిదింటికి చిన్నమ్మ అక్కడ కొవ్వొత్తి ముట్టిస్తుంది, బాపూ నేనూ ఇక్కడ ముట్టిస్తాం. ఆమెను బయటికి రానిస్తే ఫోటో పంపుతుంది. బకెట్ అడుగున మిగిలేది మెట్టుకు వెయ్యాల్నా అని బాపు ఇందాక అడిగాడు. ఫోటో వచ్చేదాకా ఆగుదామన్నాను.